కూలివాడి కుండలో ఏముందని చూసిన మనిషి

పత్తి ఏరడానికి పోయే కూలీల సద్దిమూట విప్పి చూస్తే ఆ ఊరి వ్యవసాయం ఎట్లా ఉందో తెలిసిపోతుంది. చేలో పండేది ఒకటి, మూటలో ఉండేది మరొకటి. కనుచూపు మేర తెల్లబంగారం. మూటలో మాత్రం ఉత్త అన్నం, ఇంత పచ్చడి. రైతుల గురించి, కూలీల గురించి రాసేటప్పుడు మనం కూలిరేట్లు, కౌలు, అప్పులు, గిట్టుబాటు ధర అంటూ రాస్తాం. రాయవలసిందే. కాని ఆ మూటలో ఏముందన్న మాట చాలాసార్లు మరిచిపోతాం. అది ఆడవాళ్ల వంటింటి గొడవ అని పక్కన పెడతాం.

ఆ మాట మరవకుండా 47 సంవత్సరాల పాటు పత్తి చేల మధ్య పనిచేసిన మనిషి కథ ఈసారి చెప్పుకుందాం. ఆయన మన దేశంవాడు కాదు. అమెరికాలో బానిస తల్లికి పుట్టి, ఇళ్లలో వంటచేసి, ఊళ్లవాళ్ల బట్టలుతికి, హోటల్లో వంటవాడుగా బతికి, చివరకు వ్యవసాయ శాస్త్రజ్ఞుడైన జార్జి వాషింగ్టన్ కార్వర్. వేరుశనగతో మూడు వందల వస్తువులు తయారుచేసిన మాంత్రికుడని ఆయన గురించి మన పిల్లలు చదువుతారు. ఆ కథలో ఆయన పనితనం కన్నా మాయాజాలం ఎక్కువ. అసలు కార్వర్ వేరు. ఆ అసలు మనిషితోనే మనకు పని.

గుర్రంతో మారకమైన పసివాడు

కార్వర్ 1864 ప్రాంతంలో మిస్సోరి రాష్ట్రంలోని డైమండ్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. తేదీ తెలియదు. బానిస పిల్లల పుట్టినరోజులు ఎవరు రాసిపెడతారు? దూడ పుడితే లెక్క రాసుకునే యజమాని కూడా ఆ తేదీ రాయలేదు. తల్లి పేరు మేరీ. మోజెస్ కార్వర్ అనే జర్మన్ సంతతి రైతు 1855లో 700 డాలర్లు పోసి ఆమెను కొన్నాడు. తండ్రి పక్క కమతంలో బానిస అనీ, బిడ్డ పుట్టే రోజుల్లోనే ప్రమాదంలో చనిపోయాడనీ చెబుతారు.

అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తున్నది. బానిసలను ఎత్తుకుపోయి దక్షిణాన అమ్ముకునే దొంగల ముఠాలు ఆ సరిహద్దు ప్రాంతంలో తిరిగేవి. ఒక రాత్రి అట్లాంటి ముఠా మేరీనీ, ఆమె చంకలోని పసివాడినీ ఎత్తుకుపోయింది. వెతకడానికి మోజెస్ ఒక మనిషిని పంపాడు. అతనికి పిల్లవాడు మాత్రమే దొరికాడు. వాడిని తెచ్చినందుకు మోజెస్ తన పందెపు గుర్రాన్ని ఇచ్చాడని కథ. తల్లి మళ్లీ కనబడలేదు. ఆమె ఏమైందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

తల్లి గుర్తుగా కార్వర్‌కు మిగిలింది ఆమె వడికిన రాట్నం ఒకటే. పెద్దవాడై ఎంత దూరం పోయినా ఆ రాట్నాన్ని తన గదిలోనే ఉంచుకున్నాడు. అన్న జిమ్ 1883లో మశూచితో పోయాడు. కార్వర్ పెళ్లి చేసుకోలేదు. తనకంటూ ఇల్లు కట్టుకోలేదు. విద్యార్థులనే పిల్లలనుకున్నాడు, వాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోయాక కూడా ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసేవాడు.

పొయ్యి దగ్గరి చదువు

1865లో బానిసత్వం చట్టరీత్యా పోయింది. జార్జినీ జిమ్‌నూ మోజెస్ దంపతులు తమ ఇంట్లోనే పెంచారు. జిమ్ బలమైనవాడు, పొలం పనికి పోయాడు. జార్జి కోరింతదగ్గుతో నవిసిపోయిన పిల్లవాడు, నాగలి పట్టలేడు. అందుకని ఇంటి ఇల్లాలు సుసాన్ దగ్గర వంట, ఉతుకు, కుట్టు, పెరటి పని నేర్చుకున్నాడు. మన ఊళ్లలోనైతే మగపిల్లవాడికి ఆడపని నేర్పారని నలుగురూ నవ్వుతారు. ఆ ఆడపనే వాడికి జీవితాంతం కూడు పెట్టింది. పెరట్లో తిరుగుతూ ఏ మొక్కకు ఎండ కావాలి, ఏ మొక్కకు నీడ కావాలి అని గమనించేవాడు. వాడిన మొక్కలను బతికిస్తాడని ఇరుగుపొరుగు వాళ్లు వాడిని మొక్కల డాక్టరని పిలిచేవారు.

చదువుకోవాలని మనసు. ఊళ్లో బడి తెల్లపిల్లలకే. పన్నెండేళ్ల ప్రాయంలో మైళ్ల దూరం నడిచి నియోషో అనే పట్నం చేరాడు. అక్కడ నల్లపిల్లల బడి ఉంది. బడి పక్కనే కాపురమున్న మరియా వాట్కిన్స్ అనే నల్లజాతి ఆమె వాడిని ఇంట్లో పెట్టుకున్నది. ఆమె మంత్రసాని; బట్టలుతికి బతికేది; ఆకులు, వేర్లు, వైద్యం బాగా ఎరుగును. పిల్లవాడు ఆమెకు ఉతుకులో సాయం చేస్తూ చదువుకున్నాడు. ఏ ఆకు కూరకు పనికొస్తుంది, ఏ వేరు మందుకు పనికొస్తుంది అన్నది ఆమె దగ్గర నేర్చిన పాఠమే.

అక్కడి నుంచి కాన్సాస్. ఒక ఊళ్లో వంట, మరో ఊళ్లో ఉతుకు, మధ్యలో చదువు. 1879లో ఫోర్ట్ స్కాట్ పట్నంలో తెల్లవాళ్ల గుంపు ఒక నల్లమనిషిని చంపడం కళ్లారా చూశాడు. పదిహేనేళ్లవాడు ఆ ఊరు విడిచి పారిపోయాడు. 1885లో హైలాండ్ అనే కాలేజీ ఉత్తరం మీదనే సీటు ఇచ్చింది. తీరా వెళ్లి నిలబడేసరికి మొహం నల్లగా ఉందని తిప్పి పంపించింది. ఆ కోపంతో, ఆ బాధతో పడమటి కాన్సాస్‌కు పోయి, ప్రభుత్వం సాగుకు ఇచ్చే 160 ఎకరాల బీడు పట్టాకు పెట్టుకున్నాడు. గడ్డినేల పెళ్లలను ఇటుకల్లాగా కోసి ఇల్లు కట్టుకున్నాడు. 17 ఎకరాలు సాగులోకి తెచ్చాడు. వానలు లేవు, చెట్టూ చేమా లేదు. రెండు మూడేళ్లకే ఆ భూమి మీద అప్పు తీసుకుని బయటపడ్డాడు. బీడు మీద చెమట పోసి, చివరకు తాకట్టు పెట్టి ఊరొదిలే రైతు అనుభవం ఆయనకు స్వయంగా తెలుసు.

తరువాత అయోవా రాష్ట్రంలో వింటర్‌సెట్ అనే ఊళ్లో హోటల్లో వంటమనిషిగా కుదిరాడు. అక్కడ పరిచయమైన ఒక తెల్ల కుటుంబం కాలేజీకి పొమ్మని వెంటపడింది. 1890లో సింప్సన్ కాలేజీలో చేరి బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. ఫీజు కట్టాక చేతిలో పది సెంట్లు మిగిలితే, అయిదు సెంట్లకు మొక్కజొన్న పిండి, అయిదు సెంట్లకు గొడ్డు కొవ్వు కొని వారం గడిపాడంటారు. మళ్లీ ఉతుకే ఆదుకున్నది. ఆయన గీసే మొక్కల బొమ్మలు చూసి అక్కడి ఉపాధ్యాయురాలు ఎటా బడ్ వ్యవసాయ కాలేజీకి పంపింది. 1891లో ఏమ్స్‌లోని అయోవా వ్యవసాయ కళాశాలలో చేరిన మొదటి నల్ల విద్యార్థి ఆయనే. మొదట్లో తోటి విద్యార్థుల బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. కింది గదిలో పనివాళ్లతో కలిసి తినమన్నారు. అంటరానితనం ఎరిగిన మనకు ఆ పంక్తి భేదం ఏమిటో విడమర్చి చెప్పనక్కరలేదు. 1894లో పట్టా, 1896లో పై పట్టా పుచ్చుకుని అక్కడే బోధించాడు.

పత్తి రాజ్యంలో ఆకలి

1896లో అలబామా రాష్ట్రంలోని టస్కీజీ విద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. దానిని స్థాపించిన బుకర్ టి. వాషింగ్టన్ కూడా బానిసగా పుట్టినవాడే. నల్లవాళ్ల పిల్లలకు వృత్తి విద్యలు నేర్పే బడి అది. ఉత్తరాన హాయిగా ఉద్యోగం చేసుకోగలిగిన కార్వర్ దక్షిణానికి దిగాడు. చూస్తే ప్రయోగశాల లేదు, సామాను లేదు. చెత్తకుప్పల్లో ఏరిన సీసాలు, పగిలిన పాత్రలు, పాత దీపాలు పోగేసి ప్రయోగశాల కట్టుకున్నాడు.

బయట పొలాలు ఇంకా అన్యాయంగా ఉన్నాయి. బానిసత్వం పోయి ముప్పై ఏళ్లయింది. కాని బానిసలకు భూమి ఇవ్వలేదు. భూమి పాత దొరలదే. నల్లరైతు, పేద తెల్లరైతు ఆ భూమినే పాలుకు చేసేవాళ్లు. పంటలో సగం దొరది. మిగతా సగం మీద షావుకారు కన్ను. విత్తనం, పిండి, ఉప్పు, గుడ్డ అన్నీ షావుకారు ఖాతాలో అప్పు. చేలో నిలబడిన పంటే తాకట్టు. ఆ తాకట్టుకు పనికొచ్చేది పత్తి ఒక్కటే. కాబట్టి పత్తే వెయ్యాలి; ఇంటి గుమ్మం దాకా పత్తే వెయ్యాలి. పెరట్లో నాలుగు కూరగాయ మొక్కలు పెట్టుకోవడానికి చాలామందికి జాగా ఉండేది కాదు. సంవత్సరం చివర లెక్క చూస్తే, చదువురాని రైతు మళ్లీ బాకీదారే. మన తెలంగాణ పల్లెల్లో నాగువడ్డీ నడిచిన రోజులు గుర్తున్న పెద్దలకు ఈ లెక్క వివరించనక్కరలేదు.

ఇక తిండి. మూడు పూటలా మూడే పదార్థాలు: ఉప్పేసిన పందికొవ్వు, మొక్కజొన్న పిండి, చెరకు మడ్డి. ఆకుకూర లేదు, పప్పు లేదు, పాలు లేవు. ఆ తిండికి పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరకు మతి చలిస్తుంది. అది అంటురోగమని చాలాకాలం నమ్మారు. 1914 నుంచి పరిశోధన చేసిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు అది పేదవాడి తిండి తెచ్చిన జబ్బని నిరూపించాడు. కొదవపడింది నయాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది.

ఈ జబ్బు అమెరికాకే పరిమితం కాదు. 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్, శ్రీకాంతియా అనే డాక్టర్లు ఇదే జబ్బును దక్కన్‌లోని బీదల్లో గుర్తించారు. తప్పు జొన్న ఒక్కదానిదే కాదు. జొన్నరొట్టెతో పాటు ఇంత పప్పు, ఇంత ఆకుకూర, చుక్క పాలు అందకపోవడమూ తప్పే. ఒక్కటే పండించే చేను ఎట్లా చస్తుందో, ఒక్కటే తినే మనిషి అట్లాగే చస్తాడు.

నేలకూ మనిషికీ ఒకే మందు

కార్వర్ గొప్పతనం ఇక్కడే ఉంది. నేల రోగాన్నీ మనిషి రోగాన్నీ ఆయన విడివిడిగా చూడలేదు. ఏళ్ల తరబడి పత్తే వేసి నేలలోని సారమంతా పీల్చేశారు. అట్లాగే మొక్కజొన్న పిండి మీదే బతికి మనిషి ఒళ్లు గుల్లయింది. రెంటికీ కలిపి పనికొచ్చే పంట ఏది?

బొబ్బర్లు. మనం అలసందలంటామే, అవే. బొబ్బర మొక్క వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఎరువుగా మారుస్తాయి. దుకాణంలో ఎరువు కొనలేని రైతుకు గాలే ఎరువు పోస్తుంది. ఇక గింజలు మాంసం కొనలేని ఇంటికి మాంసమంత బలం. 1903లో బొబ్బర్ల సాగు మీద చిన్న పుస్తకం వేశాడు. చూస్తే జనం సాగు చేస్తున్నారు గాని వండుకోవడం లేదు. పశువుల మేతగా చూస్తున్నారు. అందుకని 1908లో బొబ్బర్లు వండే తీరుల మీద మరో పుస్తకం వేశాడు. వ్యవసాయ శాస్త్రజ్ఞుడు వంటల పుస్తకం రాయడమేమిటని అనుకోలేదు. పండినది ఇంటివాళ్ల నోట్లోకి పోకపోతే ఆ సేద్యం సగమే అని ఆయనకు తెలుసు. హోటల్ వంటవాడి అనుభవం అట్లా పొలానికి ఉపయోగపడింది.

బొబ్బర్ల తరువాత చిలగడదుంప, వేరుశనగ. చిలగడదుంపను రాయలసీమలో గెణుసుగడ్డ అంటారు. అది సారం తక్కువ నేలలో కూడా వస్తుంది, కడుపు నింపుతుంది. వేరుశనగ బొబ్బర్ల మాదిరే నేలకు సత్తువ ఇస్తుంది, నూనె ఇస్తుంది. పెల్లాగ్రాను ఆపే నయాసిన్ దానిలో పుష్కలంగా ఉంటుంది. 1916లో ఆయన వేసిన పుస్తకంలో వేరుశనగ సాగు, దాన్ని వండే 105 తీరులు ఉన్నాయి. చారు, రొట్టె, మిఠాయి, కూర అన్నీ అందులో ఉన్నాయి. ఆ వంటలన్నీ తానే కనిపెట్టానని ఆయన చెప్పుకోలేదు. ఎక్కడెక్కడి నుంచి తీసుకున్నాడో ఆ పుస్తకంలోనే రాశాడు. 1918లో టొమాటోను వండే 115 తీరులతో ఇంకో పుస్తకం. రైతు ఇంట్లో మూడు పూటలా కమ్మని భోజనం ఎట్లా చేసుకోవచ్చో చెప్పడానికే ఒక పుస్తకం వేశాడు. ఇట్లా బతికినంతకాలం 44 చిన్న పుస్తకాలు వచ్చాయి. బరువైన శాస్త్ర పరిభాష పక్కన పెట్టి, కొద్దిగా చదవడం వచ్చినవాడు నలుగురికి చదివి వినిపించగలిగేటట్టు రాశాడు.

ఎరువు సంగతీ అంతే. అడవిలో రాలిన ఆకు, చిత్తడి నేలల బురద, పశువుల పెంట కలిపి కుళ్లబెట్టి పొలానికి తోలమన్నాడు. మన రైతులు ఎండాకాలం చెరువు ఒండ్రు బండ్ల మీద తోలుకునేది ఇందుకే కదా. విద్యాలయం పక్కన ఎందుకూ పనికిరాదన్న ఇసుక నేలలోనే కొన్నేళ్లలో పత్తి బాగా పండించి చూపాడు. ఆయన మొట్టమొదటి పుస్తకం, 1898లో వచ్చింది, సింధూర చెట్ల కాయలను పశువులకు, పందులకు మేపడం గురించి. ఊరికే నేల రాలేది మేతగా మారితే పేదవాడికి అదే లాభం. చుట్టుపక్కల దొరికే రంగు మన్నులతో గోడలకు పూత వేసుకునే పద్ధతి 1911లో చెప్పాడు. సుద్ద, ఎర్రమన్నుతో గోడలు అలికి ముగ్గు పెట్టే మన ఇల్లాళ్లకు అది కొత్త కాదు.

పొలం గట్ల మీద కలుపు మొక్కలను కూరకు ఏరుకోవడం మీద ఆయనకు ఎంత పట్టుదలో. వేకువజామున నాలుగింటికే లేచి అడవి తిరిగి మొక్కలు ఏరుకొచ్చేవాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, ఊరికే మొలిచే ఆకుకూరల మీద ఒక పుస్తకం వేశాడు. మన కూలి ఆడవాళ్లు కలుపు తీస్తూ ఒడిలో వేసుకునే పొన్నగంటి, గంగవాయిలి, తుమ్మికూర, దొగ్గలికూర ఏ వ్యవసాయ లెక్కల్లోనూ కనబడవు. కాని ఎన్ని ఇళ్లలో ఆ పూట కూర అదే. కలుపు మందు కొట్టిన చేలో ఆ కూర కూడా చస్తుంది. ఆ నష్టాన్ని ఎవరూ లెక్కకట్టరు.

బండెక్కి వచ్చిన బడి

పుస్తకం అందరికీ అందదు. రైతు బడికి రాలేకపోతే బడే రైతు దగ్గరికి పోవాలి. 1906లో ఒక బండి తయారైంది. న్యూయార్కు ధనవంతుడు మోరిస్ జెసప్ డబ్బిచ్చాడు, టస్కీజీ విద్యార్థులు బండి కట్టారు. అందులో నాగళ్లు, విత్తనాలు, వెన్న చిలికే యంత్రం, మట్టి నమూనాలు. టామస్ కాంబెల్ అనే నల్లజాతి యువకుడు దాన్ని ఊరూరా తోలాడు. ఊరి చర్చి దగ్గరో, చెట్టు కిందో బండి ఆపి, జనం ముందే దున్ని చూపడం, నాటి చూపడం, వండి చూపడం. మొదటి వేసవిలో నెలకు రెండు వేల మంది దాకా ఆ బండి దగ్గరికి వచ్చారు.

అంతకు ముందు నుంచే విద్యాలయంలో నెల నెలా రైతుల సభ జరిపేవాడు. పనులు లేని శీతాకాలంలో రైతులకు కొద్ది రోజుల పాఠాలు పెట్టేవాడు. ఆడవాళ్లు రావాలి, ఎందుకంటే పెరడు, పాడి, కోళ్లు, నిలవ పచ్చళ్లు అన్నీ వాళ్ల చేతుల్లోనివే. కాయలు ఎండబెట్టడం, పండ్లు పాకం పట్టడం, దుంప పాతరేయడం నేర్పాడు. పంటచేతికి వచ్చినప్పుడు నాలుగు వారాలు తిని, తరువాత షావుకారు గుమ్మం తొక్కే గతిని తప్పించాలన్నది ఆయన ఆలోచన. షావుకారు ఖాతాలో ఒక్క పద్దు తగ్గినా ఆ మేరకు రైతుకు స్వేచ్ఛే.

ఆయన దేవుడు కాడు, మనిషే. పాఠం బాగా చెప్పేవాడు గాని లెక్కలు, పెత్తనం ఆయనకు చేతకావు. విద్యాలయం కోళ్ల దొడ్డి ఆయన చేతిలో పెడితే కోళ్లు చచ్చాయి. వాషింగ్టన్‌తో ఎన్నోసార్లు తగవులు పడ్డాడు, రాజీనామా చేస్తానని బెదిరించాడు. కాని వదిలిపెట్టి పోలేదు.

పురుగు, పేరు, కంపెనీలు

1892లో మెక్సికో నుంచి టెక్సాస్‌లోకి ఒక ముక్కుపురుగు దిగింది. పత్తి కాయల్లో దూరి తినే పురుగు. ఏడాదికింత పాకుతూ 1910 ప్రాంతంలో అలబామా చేరింది. పత్తి తప్ప మరో దిక్కు లేని జిల్లాలకు జిల్లాలు కుదేలయ్యాయి. అప్పుడుగాని దొరలకూ బ్యాంకులకూ మారుపంట గుర్తురాలేదు. అలబామాలోని కాఫీ జిల్లా రైతులు వేరుశనగకు మారి కోలుకున్నారు. అక్కడి ఎంటర్‌ప్రైజ్ పట్నంలో 1919లో ఆ పురుగుకే స్మారక స్తంభం కట్టారు. పత్తి దాస్యం నుంచి తప్పించిందని పురుగుకు కృతజ్ఞత! ఆ మార్పంతా కార్వర్ ఒక్కడి వల్లనే వచ్చిందనడం నిజం కాదు. పురుగు తరిమింది, ధర పిలిచింది. కాని పురుగు రాకముందు నుంచే మారుపంట గురించి మొత్తుకున్నవాళ్లలో ఆయన ముందువరుసలో ఉన్నాడు.

వేరుశనగ పెరిగింది. దానితో వ్యాపారం పెరిగింది. చైనా నుంచి చౌకగా వచ్చే పప్పుల మీద సుంకం వేయాలని వ్యాపారుల సంఘం కార్వర్‌ను 1921 జనవరిలో పార్లమెంటు సంఘం ముందు నిలబెట్టింది. పది నిమిషాలు ఇచ్చారు. ఒక సభ్యుడు నల్లవాళ్లను వెక్కిరించే పుచ్చకాయ ఎకసెక్కం ఆడాడు. కార్వర్ తొణకలేదు. సంచిలోంచి ఒక్కొక్క సీసా తీసి పాలు, పిండి, రంగులు, మిఠాయిలు చూపిస్తుంటే సభ్యులు సమయం పెంచుతూ పోయారు. మరుసటి సంవత్సరం సుంకం పడింది.

ఆ రోజు నుంచి ఆయన పేరు దేశమంతా మోగింది. పత్రికలు ఆయనను వేరుశనగ మాంత్రికుణ్ని చేశాయి. వేరుశనగ వెన్న ఆయనే కనిపెట్టాడన్నారు. అది అబద్ధం, ఆయనకు ముందే ఇతరులు పేటెంట్లు తీసుకున్నారు. మూడు వందల వస్తువుల్లో బజారులో నిలిచినవి లేవనే చెప్పాలి. ఆయన పేరు మీద ఉన్న పేటెంట్లు మూడే. పోలియోకు వేరుశనగ నూనె మర్దన మందని కూడా ప్రచారం జరిగింది. ఆ నూనె పోలియోను నయం చేయదు. ఇంత మాంత్రికం ఎందుకు అవసరమైంది? మారుపంట, పెంట ఎరువు, పెరటి కూర అనే అసలు మాటలో ఏ కంపెనీకీ లాభం లేదు. కొనవద్దని చెప్పేవాడి కన్నా కొత్త సరుకు చూపించేవాడు వాళ్లకు ముద్దు. కార్వర్ కూడా ఆ పొగడ్తను అడ్డుకోలేదు. ఇది ఆయన బలహీనత.

ఆయన అడగని ప్రశ్న

ఇంకొక మాట చెప్పకుండా దాటవేస్తే మనం నిజాయితీ తప్పినట్టే. నేల బాగుపడాలన్నాడు, తిండి బాగుపడాలన్నాడు. కాని నేల ఎవరిదని కార్వర్ అడగలేదు. రాజకీయాల జోలికి పోలేదు. దొరల చందాల మీద, తెల్ల ప్రభుత్వం దయ మీద నడిచే విద్యాలయంలో ఆ ప్రశ్న అడిగితే బడి బతకదన్న భయం కూడా ఉండవచ్చు. కాని ఫలితం చూడాలి. సత్తువ పెంచిన భూమి మీద పాలుదారుకు హక్కు లేదు. మూడేళ్లు పెంట తోలి బాగుచేస్తే నాలుగో ఏడు దొర వేరేవాడికి ఇవ్వవచ్చు. కౌలు కాగితం లేని మన కౌలుదార్లు చెరువు మట్టి తోలడానికి ఎందుకు వెనకాడతారో ఆలోచిస్తే ఇది అర్థమవుతుంది.

ఆ ప్రశ్నను పాలుదార్లే అడిగారు. టస్కీజీకి పక్క జిల్లా టల్లపూసాలో 1931లో పాలుదార్ల సంఘం పుట్టింది. తిండి సరుకుల అప్పు ఆపవద్దనీ, పెరటి తోట పెట్టుకునే హక్కు కావాలనీ వాళ్లు అడిగినవాటిలో ఉన్నాయి. చూడండి, కార్వర్ పుస్తకాల్లో సలహాగా ఉన్న పెరటి తోట ఇక్కడ హక్కుగా మారింది. ఆ ఏడు జులైలో క్యాంప్ హిల్ దగ్గర సంఘ నాయకుడు రాల్ఫ్ గ్రేను చంపారు. 1932 డిసెంబరులో రీల్‌టౌన్ దగ్గర క్లిఫ్ జేమ్స్ అనే రైతు పశువులను అప్పు కింద జప్తు చేయడానికి పోలీసులు వచ్చారు. సంఘం అడ్డం నిలబడింది. కాల్పులు జరిగాయి. గాయాలతో జేమ్స్ జైల్లో చనిపోయాడు. ఒకే ప్రాంతంలో, ఒకే కాలంలో, ఒకవైపు తిండి పండించుకునే విద్య, మరోవైపు తిండి పండించుకునే హక్కు కోసం పోరాటం. రెండూ కలవలేదు. అది ఆ కాలపు విషాదం.

కార్వర్ 1943 జనవరి 5న కన్నుమూశాడు. మెట్ల మీద పడిన తరువాత కోలుకోలేదు. పాత కోటు, దాని బొత్తాం రంధ్రంలో రోజూ ఒక తాజా పువ్వు, విద్యాలయం వసతిగృహంలో ఒక గది. ఇదీ ఆయన వైభోగం. ఖర్చు చేయకుండా కూడబెట్టిన దాదాపు 60 వేల డాలర్లు వ్యవసాయ పరిశోధనకే ఇచ్చేశాడు. ఆ సంవత్సరం జులైలో ఆయన పుట్టిన పొలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఒక నల్లజాతి మనిషి పేరిట అమెరికాలో అట్లాంటి స్మారకం అదే మొదటిది. తల్లిని ఎత్తుకుపోయిన చోటే కొడుకుకు స్మారకం.

మనకేమిటి

ఇప్పుడు మన పొలాలకు వద్దాం. కార్వర్ పత్తికి విరుగుడుగా వేరుశనగ చెప్పాడు. మన అనంతపురం జిల్లాలో ఆ వేరుశనగే ఒంటి పంటయి కూర్చున్నది. కొర్ర, సజ్జ, జొన్న, కంది, అనుము, అలసంద, ఉలవ కలిసి పండిన ఎర్రనేలల్లో బుడ్డలు తప్ప మరొకటి లేని స్థితి వచ్చింది. ఒక్క వాన తప్పితే ఇల్లంతా వలస బస్సెక్కవలసిన గతి పట్టింది. అంటే మందు పంటలో లేదు, పంటల కలయికలో ఉంది. ఏ పంటైనా షావుకారు కోసం ఒంటిగా వేస్తే అది పత్తే. పత్తి సంగతి చెప్పేదేముంది? 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగుకు కొట్టవలసిన మందు తాము తాగారు. అమెరికాలో పురుగుకు స్తంభం కట్టారు. మనకు మిగిలింది సమాధులు.

మేము కార్వర్ కథ చెప్పింది ఆయన ఫొటోకు దండ వేయడానికి కాదు. ఆయన దగ్గర తీసుకోవలసింది ఉంది, ఆయనను దాటవలసిందీ ఉంది. సంఘం సమావేశాల్లో కూలిరేటుతో పాటు సద్దిమూట గురించి కూడా మాట్లాడుకుందాం. గట్టు మీద కంది సాలు, చేలో అలసంద సాలు, పెరట్లో ఆకుకూర మడి చిన్న విషయాలు కావు. అప్పు పుస్తకంలో ఒక్కొక్క పద్దును కొట్టివేసే పనులు. ఈ విద్య ఎక్కువగా మన ఆడవాళ్ల దగ్గర ఉంది. వాళ్లను ముందు కూర్చోబెట్టి విందాం. అదే నోటితో ఆ గట్టు ఎవరిది, ఆ పెరడు ఎవరిది, కౌలుదారు పేరు కాగితంలో ఎందుకు లేదు అని కూడా అడుగుదాం. కుండలో ఏముందన్న ప్రశ్న, భూమి ఎవరిదన్న ప్రశ్న ఒకే నోట్లో నుంచి రావాలి. అలబామాలో అవి వేర్వేరు నోళ్లలో ఉండిపోయాయి. మన దగ్గర అట్లా కాకూడదు.